నూనె గిన్నెకూ షాంపూ సీసాకూ మధ్య

జుట్టు రాలుతోందని ఇంట్లో చెప్పి చూడండి, "నూనె పెట్టడం మానేశావుగా, అందుకే" అంటారు. చుండ్రు పట్టిందన్నా అదే మాట. నెరుస్తోందన్నా, చిట్లుతోందన్నా, చివరికి రాత్రి నిద్ర పట్టడం లేదన్నా అదే మందు. టీవీ పెడితే అక్కడా అన్ని కష్టాలకూ మందు ఒకటే, కాకపోతే దాని పేరు షాంపూ. ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్న ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం రాజీపడిపోయాయి: ఎవరి తలైనా ఒకటేనని. వారానికి ఎన్నిసార్లు తలస్నానం చేయాలి, నూనె రాయాలా వద్దా, రాస్తే ఎంతసేపు ఉంచాలి అని ఎవరైనా అడిగితే, నీ తల ఎలాంటిదని ఎదురు ప్రశ్న వేయకుండానే జవాబు చెప్పేస్తారు. సంప్రదాయం, ఆయుర్వేదం, చర్మవైద్యం, బజారు, ఈ నాలుగూ చెప్పేవాటిని ఆ ఎదురు ప్రశ్న దగ్గర నిలబెట్టి చూస్తే ఏం మిగులుతుందో చూద్దాం.

ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. మనం దువ్వుకుని, జడ వేసుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోయే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రోటీన్ పోగు. ప్రాణమంతా చర్మం లోపల, కుదురులో ఉంది. తల మీద దాదాపు లక్ష కుదుళ్ళుంటాయి. ఒక్కో కుదురు 2 నుంచి 6 ఏళ్ళ పాటు వెంట్రుకను పెంచుతుంది, రెండు మూడు వారాల్లో పని ముగించుకుంటుంది, ఓ మూడు నెలలు విశ్రాంతి తీసుకుని పాతదాన్ని వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ లెక్కలో భాగమే. పెరుగుదల నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. మోకాళ్ళ దాకా జడ ఉన్నవాళ్ళను చూసి ఏ నూనె వాడతారని ఆరా తీస్తాం కానీ, పెరిగే దశ ఎక్కువ కాలం సాగే కుదుళ్ళు వాళ్ళకు వంశంలో వచ్చాయి. ఆ నూనె అరువు తెచ్చుకున్నా ఆ జడ రాదు.

అంటే తల సంరక్షణ పేరుతో మనం చేసేవి నిజానికి రెండు వేర్వేరు పనులు. పోగును పట్టుచీరలా చూసుకోవాలి: రాపిడి తగలకుండా, ఎండకు పెళుసెక్కకుండా, చిక్కుపడకుండా. మాడును ముఖంలా చూసుకోవాలి: అది చెమట పట్టే, జిడ్డు ఊరే, దురద పెట్టే చర్మం. ముఖానికి రోజంతా నూనె రాసుకుని తిరగమంటే ఎవరూ ఒప్పుకోరు. అదే చర్మం నుదురు దాటి పైకి వెళ్ళేసరికి మన న్యాయం మారిపోతుంది. ఈ విషయంలో జరిగే తగాదాల్లో సగం పోగు గురించి చెప్పిన మాటను మాడుకు, మాడు గురించి చెప్పిన మాటను పోగుకు అంటగట్టడం వల్ల వచ్చినవే.

జిడ్డు మాడు, పొడి మాడు, మామూలు మాడు అన్న విభజన సౌందర్య సాధనాల వ్యాపారం బాగా వాడుకుంటున్నదే అయినా, దాని అడుగున శరీరధర్మం ఉంది. చర్మంలోని తైలగ్రంథులు ముఖం మీద, మాడు మీద కిక్కిరిసి ఉంటాయి, చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా. అవి ఊరించే సీబమ్ అనే జిడ్డు ఎంత అన్నది పురుష హార్మోన్ల చేతిలో ఉంటుంది. ఆ హార్మోన్లు ఆడవాళ్ళలోనూ ఉంటాయి, తక్కువ మోతాదులో. అందుకే పదేళ్ళ పిల్లకు లేని జిడ్డు పద్నాలుగేళ్ళకు వస్తుంది, ఇరవైల్లో బాగా ఉంటుంది, ముట్లుడిగాక తగ్గుతుంది. కాబట్టి మాడు రకం పుట్టుకతో వేసిన ముద్ర కాదు. కాలేజీలో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు తలస్నానం అవసరమైన మనిషికే అరవయ్యేళ్ళ వయసులో వారానికి ఒకసారి సరిపోవచ్చు. ఆవిడ తన అరవయ్యేళ్ళ అలవాటును పదహారేళ్ళ మనవరాలికి నేర్పడంలోనే చిక్కు మొదలవుతుంది.

ఎవరిది ఏ రకమో తెలుసుకోవడానికి సెలూన్లలో చూపే కెమెరాలు అక్కర్లేదు. తలస్నానం చేసిన మర్నాడు ఉదయం, నూనె రాయకుండా, నడినెత్తి పాపిడి దగ్గర ఒక పలుచటి టిష్యూ కాగితం అద్ది చూడండి. కాగితం మీద నూనె మరక స్పష్టంగా కనిపిస్తే జిడ్డు మాడు. రెండో రోజు, మూడో రోజు దాకా ఏమీ అంటకుండా, చర్మం బిగదీసినట్టుంటే పొడి మాడు. ముందు నెత్తి జిడ్డుగా, చెవుల పక్కన పొడిగా ఉండేవాళ్ళూ ఉన్నారు. నుదుటికీ బుగ్గలకూ తేడా ఉన్నట్టే ఇదీ. వెంట్రుకను చూసి మాత్రం మాడు రకం తేల్చకూడదు. ఉంగరాల జుట్టులో సీబమ్ చివరిదాకా జారదు, అందుకని చివర్లు ఎండిపోయి, కుదుళ్ళు జిడ్డోడుతూ ఉంటాయి. రంగులూ వేడి ఇస్త్రీలూ చేయించుకున్న జుట్టుదీ అదే పరిస్థితి. ఇలాంటివాళ్ళు తమది "డ్రై హెయిర్" అనుకుని తలస్నానం తగ్గిస్తారు, నూనె పెంచుతారు. పోగు ఎండిన పాపానికి మాడు జిడ్డులో నానుతుంది.

జిడ్డు మాడు గురించి గట్టిగా నాటుకుపోయిన నమ్మకం ఒకటి: తరచూ కడిగితే గ్రంథులు పంతం పట్టి ఇంకా ఎక్కువ జిడ్డు ఊరిస్తాయట. ఈ వాదాన్ని చర్మశాస్త్రవేత్తలు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, వాల్టర్ షెల్లీ 1958లోనే పరీక్షించి కాదన్నారు. గ్రంథికి పైన జిడ్డు ఉందో కడిగేశారో తెలియదు, దానికి తెలిసింది హార్మోన్ల మాటే. కడిగిన జిడ్డు మళ్ళీ వస్తుంది, అంతేగానీ కడిగినందుకు శిక్షగా రెట్టింపై రాదు. అయినా ఈ నమ్మకం సెలూన్ కుర్చీలోనూ, ఇంటర్నెట్ వీడియోల్లోనూ హాయిగా బతుకుతోంది. షాంపూ మానేసి "తలకు శిక్షణ" ఇమ్మని చెప్పే కొత్త ఉపదేశానికి మూలం కూడా ఇదే.

రోజు మార్చి రోజు తలస్నానం చేస్తే జుట్టు ఊడుతుందన్న భయం దీనికి తోబుట్టువు. వారం పాటు దువ్వెనకు చిక్కకుండా జుట్టులోనే ఉండిపోయిన వెంట్రుకలన్నీ తలస్నానం రోజు ఒక్కసారే నీళ్ళలో కనిపిస్తాయి. వారానికోసారి స్నానం చేసే మనిషికి ఆ రోజు చేతినిండా జుట్టు వస్తే, కారణం నీళ్ళు కావు, ఏడు రోజుల బకాయి. ఆ భయంతో స్నానాన్ని పది రోజులకు జరిపితే బకాయి ఇంకా పెరుగుతుంది.

ఇక చుండ్రు. ఈ సమీక్షలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో జరిగే అతి పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో చుండ్రు వస్తుంది. పొట్టు రాలుతోంది కాబట్టి చర్మం ఎండిపోయిందనీ, ఎండిన దానికి నూనె పట్టించాలనీ అనుకోవడం సహజమైన తర్కమే. కానీ తప్పు తర్కం. చుండ్రుకు మూలం పొడిదనం కాదు, జిడ్డు. ఆ జిడ్డును తిని బతికే మలసీజియా అనే శిలీంధ్రం ప్రతి ఒక్కరి మాడు మీదా ఉంటుంది. 1874లో దాన్ని చుండ్రు పొట్టులో గమనించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ చార్లెస్ మలసే పేరే దానికి పెట్టారు. అది సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోలేదు. అందుకే సీబమ్‌లోని కొవ్వును విరగ్గొట్టి, తనకు పనికొచ్చే సంతృప్త ఆమ్లాలను తినేసి, పనికిరాని ఓలిక్ ఆమ్లం లాంటివాటిని చర్మం మీద వదిలేస్తుంది. కొందరి చర్మం దాన్ని పట్టించుకోదు. కొందరి చర్మం మంట చూపి, దురద పెట్టి, కణాలను తొందర తొందరగా రాల్చడం మొదలుపెడుతుంది. ఆ రాలినదే మన భుజాల మీద కనిపించే పొట్టు. మూడూ కలిస్తేనే చుండ్రు: జిడ్డు, శిలీంధ్రం, పడని చర్మం. చిన్నపిల్లలకు చుండ్రు అరుదుగా ఉండి, యవ్వనంలో విజృంభించి, ముసలితనంలో తగ్గేది ఇందుకే. అది గ్రంథుల జీవితచరిత్రనే అనుసరిస్తుంది.

ఇలాంటి మాడుకు రాత్రి నూనె పట్టించి, జడ బిగించి, పొద్దున్నే పని మీద వెళితే ఏమవుతుంది? పొట్టు నూనెలో తడిసి అంటుకుపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజులు కనిపించదు. తగ్గిందనిపిస్తుంది. శిలీంధ్రానికి మాత్రం అదనపు భోజనం దొరికినట్టే. ఆలివ్ నూనె సంగతి మరీ తమాషా. ప్రయోగశాలల్లో మలసీజియాను పెంచడానికి వాడే ఆహారాల్లో అదీ ఒకటి, చుండ్రుకు చిట్కాగా చెప్పేదీ అదే.

పొడి మాడు రాల్చే పొట్టుకూ చుండ్రు పొట్టుకూ తేడా చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. మొదటిది సన్నగా, తెల్లగా, పొడిగా పిండిలా రాలుతుంది, చేతులూ కాళ్ళూ కూడా పొడిబారి ఉంటాయి, చలికాలంలో ఎక్కువవుతుంది. రెండోది కాస్త పెద్ద రేకులు, పసుపు ఛాయ, వేళ్ళకు జిడ్డుగా అంటుతుంది, కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవి వెనక కూడా ఎర్రదనం, పొట్టు ఉండొచ్చు. మొదటిదానికి నూనె పనిచేస్తుంది. రెండోదానికి పనిచేసేది కడగడం, మందు షాంపూ. తెలుగు నేలలో, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో, హెల్మెట్ కింద చెమటోడ్చే తలల్లో రెండో రకమే ఎక్కువగా చూస్తాం. హెల్మెట్ వల్ల బట్టతల రాదు, ఆ సాకుతో దాన్ని వదిలేయకండి. లోపల తడి గుడ్డలా ఉండిపోయే మెత్తను ఆరబెట్టుకుంటే చాలు.

మందు షాంపూల్లో కీటోకొనజోల్‌కు ఉన్న ఆధారాలు గట్టివి. సెలీనియం సల్ఫైడ్, సాలిసిలిక్ ఆమ్లం, కోల్‌టార్ కూడా వైద్యుల చేతిలో ఉన్నాయి. మామూలు చుండ్రు షాంపూల్లో ఎక్కువగా కనిపించే జింక్ పైరిథియోన్‌ను ఐరోపా సమాఖ్య ముందుజాగ్రత్తగా 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. మన దగ్గర అమ్మకం సాగుతూనే ఉంది, కొన్ని కంపెనీలు పిరోక్టోన్ ఒలమైన్‌కు మారాయి. ఏది వాడినా మనవాళ్ళు చేసే తప్పు ఒకటే: నురగ రాగానే కడిగేస్తారు. మందు పనిచేయాలంటే అది పోగు మీద కాదు, మాడు మీద కనీసం అయిదు నిమిషాలు ఉండాలి. వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడి, తగ్గాక కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతుండాలి. శిలీంధ్రం మన తల వదిలి ఎక్కడికీ పోదు కాబట్టి చుండ్రు పూర్తిగా నయం కావడమనేది లేదు, అదుపులో ఉంచుకోవడమే. ఈ మాట షాంపూ ప్రకటనల్లో ఎందుకు వినిపించదో చెప్పనక్కర్లేదు.

పొడి మాడు వ్యవహారం ఇంత సంక్లిష్టం కాదు. వారానికి ఒకటి రెండు తలస్నానాలు, గోరువెచ్చని నీళ్ళు, సున్నితమైన షాంపూ, స్నానానికి గంటా రెండు గంటల ముందు కాస్త నూనె. వేడి వేడి నీళ్ళు దోసిళ్ళతో పోసుకునే అలవాటు మానుకోవాలి. హైదరాబాద్ నుంచి చదువుకోసం షికాగో, డెట్రాయిట్ లాంటి చోట్లకు వెళ్ళే పిల్లలు మొదటి శీతాకాలంలో తల పొట్టు చూసి చుండ్రనుకుని మందు షాంపూ మొదలుపెడతారు. అది తరచు హీటర్ గాలికి ఎండిన చర్మమే, మందు షాంపూతో ఇంకా ఎండుతుంది. అక్కడ అమ్మ చెప్పిన నూనె మాట నిజంగానే పనిచేస్తుంది. థైరాయిడ్ మందగించినా మాడు పొడిబారుతుంది. ఒళ్ళు బరువెక్కి, నీరసంగా ఉండి, చలికి తట్టుకోలేకపోతుంటే తల సంగతి తర్వాత, రక్తపరీక్ష చేయించుకోవడం ముందు.

నూనె గురించి న్యాయంగా మాట్లాడాలంటే చరకుడి దగ్గర మొదలుపెట్టాలి. రోజూ తలకు తైలం రాసుకునేవారికి తలనొప్పి, బట్టతల, నెరుపు రావని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. మన తలంటి సంప్రదాయానికి వెన్నెముక అదే. కానీ ఆయుర్వేదం కూడా అందరి తలనూ ఒకే గాటన కట్టలేదు. వాత, పిత్త, కఫ ప్రకృతులను బట్టి తైలం మార్చమంటుంది. చుండ్రును దారుణకమనే పేరుతో సుశ్రుతుడు క్షుద్రరోగాల్లో ప్రత్యేకంగా చేర్చాడు. అంటే ఆరోగ్యవంతుడి దినచర్యనూ, రోగి చికిత్సనూ వాళ్ళు వేరుగానే చూశారు. ఆ తేడాను చెరిపేసింది సీసా మీద "అన్ని రకాల జుట్టుకూ" అని అచ్చువేసిన నూనె వ్యాపారమే.

ఆధునిక పరిశోధనల్లో కొబ్బరినూనెకు మంచి పేరుంది. ముంబయి పరిశోధకులు రేలే, మోహిలే 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూశారు. వెంట్రుకలోంచి ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్న, తిన్నటి అణువు కాబట్టి పోగు లోపలికి దిగుతుందని వాళ్ళ వివరణ. గమనించండి, ఇది పోగుకు జరిగిన మేలు. కుదురులోకి ఏదో పోషణ వెళ్ళిందని ఆ అధ్యయనం అనలేదు. తర్వాత 2021లో భోపాల్‌లోని ఐసర్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న మరో అధ్యయనం, కొబ్బరినూనె వాడిన మన దేశపు మహిళల మాడు మీద ఆరోగ్యకరమైన సూక్ష్మజీవుల వాటా పెరిగిందని తేల్చింది. అదే ఏడాది ఆసియావాసుల తలస్నానాల మీద వచ్చిన ఇంకో అధ్యయనం తరచూ కడిగేవారి మాడు, జుట్టు కూడా మెరుగ్గా ఉన్నాయంది. నూనె అధ్యయనాలు రెండింటిలోనూ కొబ్బరినూనె అమ్మే కంపెనీ పరిశోధకులున్నారు, తలస్నానం అధ్యయనంలో షాంపూ అమ్మే కంపెనీ పరిశోధకులున్నారు. అంతమాత్రాన అవి అబద్ధాలైపోవు. కానీ ఎవరు ఏ ప్రశ్న అడగడానికి డబ్బు పెట్టారో మనసులో ఉంచుకుని చదవాలి. నా మట్టుకు రెండు పక్షాలూ నిజమే చెప్పాయనిపిస్తుంది: పోగుకు నూనె మంచిది, మాడుకు శుభ్రత మంచిది. జిడ్డు మాడు ఉన్నవాళ్ళు కుదుళ్ళు వదిలేసి చెవుల కిందనుంచి చివర్ల దాకా నూనె రాసుకుని, ఓ గంట తర్వాత కడిగేసుకుంటే ఇద్దరి మాటా విన్నట్టే. రాత్రంతా ఉంచితే అదనంగా ఒరిగేది దిండు గలీబుకు మరకలే.

తలంటిలో కుంకుడుకాయది సగం పాత్ర. కుంకుడు రసంలోని సాపోనిన్లు నిజమైన నురగ పదార్థాలు, రసానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, శీకాయదీ అంతే. మాడు చర్మం కూడా కొద్దిగా ఆమ్లమే, పీహెచ్ 5.5 దగ్గర. ఒంటి సబ్బు క్షారం. ఉప్పునీటిలో తెల్లటి మడ్డి వదులుతుంది. కాబట్టి కుంకుడుకాయల నుంచి ఒంటి సబ్బుకు మారిన తరం నష్టపోయింది, షాంపూకు మారిన తరం పెద్దగా నష్టపోలేదు. కుంకుడు మృదువైనదని మాత్రం అనుకోకండి. పాతకాలంలో తల నిండా పట్టించిన నువ్వులనూనెను వదలగొట్టే పని దానిది, నూనె లేని పొడి మాడు మీద అదే పని చేస్తే బీటలు తీస్తుంది. కళ్ళ సంగతి చెప్పనవసరం లేదు. మందారాకు, మెంతులు వేరే తరగతి. వాటి జిగురు పోగుకు పూత వేసి రాపిడి తగ్గిస్తుంది, సీసాలో దొరికే కండిషనర్ చేసేదీ అదే. జుట్టు పెరగడం వాటి పని కాదు. మెంతిపిండి సరిగా కడగకపోతే ఆ ముక్కలే మర్నాడు చుండ్రులా రాలి ఇంట్లో కొత్త గొడవ తెస్తాయి. నిమ్మరసం, వంటసోడా మాడు దగ్గరికి రానివ్వకండి. ఒకటి మరీ ఆమ్లం, ఒకటి మరీ క్షారం.

బోరు నీళ్ళ వల్ల జుట్టు ఊడుతోందన్న ఫిర్యాదు హైదరాబాద్ కొత్త కాలనీల్లో అపార్ట్‌మెంట్ సమావేశాల దాకా వచ్చింది. 2013లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో వచ్చిన మన దేశపు అధ్యయనం బోరు నీళ్ళలాంటి కఠినజలంలో నానబెట్టిన వెంట్రుకల బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదంది. తర్వాత వచ్చిన కొన్ని బలం తగ్గిందన్నాయి. అన్నీ చిన్న ప్రయోగాలే, అన్నీ పోగు మీద చేసినవే. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టును గరగరలాడిస్తాయి, సరిగా నురగ రానివ్వవు. అలాంటి జుట్టు చిక్కుపడి దువ్వేటప్పుడు మధ్యలో తెగుతుంది. తెగడం వేరు, కుదురుతో సహా ఊడటం వేరు. రాలిన వెంట్రుకకు ఒక కొసన చిన్న తెల్లటి ముడి ఉంటే అది ఊడింది, లేకపోతే తెగింది. తెగేవాళ్ళు చివరి మగ్గు మాత్రం తాగునీటితో పోసుకుని, మంచి కండిషనర్ పోగులకు రాసుకుంటే సరిపోతుంది. ఊడేవాళ్ళు కుళాయికి వేలల్లో ఖర్చుపెట్టి ఫిల్టర్ బిగించే ముందు కారణం వేరే చోట వెతకాలి.

ఆ వేరే చోటు చాలాసార్లు రక్తంలో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. ఇనుము లోపించినప్పుడు కుదుళ్ళు ముందుగా విశ్రాంతికి వెళ్ళిపోతాయి. డెంగ్యూ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాల తర్వాత, పురుడు తర్వాత, కఠినమైన ఉపవాసాల తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్ళుగా జుట్టు రాలేదీ ఇలాగే. పిల్ల నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుందని పెద్దవాళ్ళు అంటుంటారు. కారణం వేరైనా కాలం లెక్క మాత్రం సరిగ్గా సరిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్లు రాలకుండా ఆపి ఉంచిన జుట్టు ఆ సమయానికి రాలుతుంది, చాలామందికి ఏడాదిలోపు తిరిగొస్తుంది. ఇలాంటి రాలుడుకు మాడు రకంతో సంబంధం లేదు, షాంపూ మార్చినందువల్ల లాభమూ లేదు. బయోటిన్ మాత్రలు లోపం ఉన్నవారికి తప్ప పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. పైగా అవి థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం సంగతీ అంతే. గీసినందువల్ల వెంట్రుక మందం పెరగదని పరిశోధకురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే చూపింది. తిరుమల మొక్కు భక్తికోసం తీర్చుకోండి, ఒత్తుకోసం కాదు.

మంట, చురచుర, తాకితే నొప్పి ఉండి, పైకి ఏమీ కనిపించని మాడును సున్నితమైనది అంటారు. ఇలాంటివాళ్ళకు తరచు పడనివి సువాసనలు, కొన్ని నిల్వ రసాయనాలు, అన్నిటికంటే ముఖ్యంగా జుట్టు రంగులోని పీపీడీ అనే రసాయనం. "నల్ల గోరింటాకు" పేరుతో అమ్మే పొడుల్లోనూ అదే ఉండొచ్చు. నిజమైన గోరింటాకు జుట్టును నల్లగా చేయదు, ఎర్రగా చేస్తుంది. రంగు వేసుకునే ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక చుక్క రాసి చూడమని పెట్టె మీద రాసి ఉంటుంది. పదేళ్ళు పడిన రంగు పదకొండో ఏడు పడకపోవచ్చు కాబట్టి ఆ సూచన అలవాటైనవాళ్ళకు కూడా వర్తిస్తుంది. నుదురు, కనురెప్పలు ఉబ్బాయంటే ఆ రంగు ఇక జన్మలో వాడకూడదు.

చివరగా, మాడు రకం అనుకుని సర్దుకుపోకూడనివి కొన్ని ఉన్నాయి. రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు పోతే మనవాళ్ళు పేనుకొరుకుడు అంటారు. ఏ పేనూ కొరకలేదు, సొంత రోగనిరోధక శక్తే కుదుళ్ళ మీద పడింది. దానికి గురివింద గింజలు అరగదీసి రాయడం ప్రమాదం, వాటిలోని అబ్రిన్ భయంకరమైన విషం. బడి పిల్లల తలలో పొట్టుతో పాటు వెంట్రుకలు మొదలంటా విరిగిపోయి, చీము ఊరిన గడ్డలా మెత్తగా తగిలితే అది తామర. పైపూతలతో తగ్గదు, నోటి మాత్రలు కావాలి, ఆలస్యమైతే ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు. మందమైన వెండి పొలుసులు నుదుటి అంచు దాటి వస్తే సోరియాసిస్ కావచ్చు. పసిపిల్లల మాడు మీద పేరుకునే పసుపు పొర ఒక్కటే వీటిలో నిరపాయకరం. తల్లి హార్మోన్ల ప్రభావంతో వచ్చేది అది, కాస్త నూనెతో నానబెట్టి మెత్తని దువ్వెనతో తీసేస్తే పోతుంది. మందుల షాపులో దురదకు అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ లోషన్లు మాత్రం ఎవరూ సొంతంగా వాడొద్దు. రెండు రోజుల్లో దురద పోతుంది, నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, మానగానే జబ్బు రెట్టింపై తిరిగొస్తుంది.

మందు షాంపూను పద్ధతి ప్రకారం నాలుగు వారాలు వాడినా చుండ్రు తగ్గకపోతే, మూడు నెలలు దాటినా రాలడం ఆగకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. జిల్లా ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది, కార్పొరేట్ ఆసుపత్రే కానవసరం లేదు. వెళ్ళే రోజున తలకు నూనె గానీ రంగు గానీ రాసుకోకుండా, జడ బిగించకుండా వెళ్ళండి. డాక్టరు చూడవలసింది మీ మాడును.